అమావాస్య బస్సు

నాగలక్ష్మమ్మ చనిపోలేదు. ముందు ఆ మాట చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. పోయిన వారం ఆమె చేతిలోని నీళ్ల చెంబు జారి గడప మీద పడిన చోట కథ ఆపానని వచ్చిన ఉత్తరాల్లో సగం తిట్లే. ఒకామె ‘నర్సమ్మను చంపితే మా వీధిలో మీ పత్రిక ఎవరూ కొనరు’ అని కార్డు ముక్క రాసింది. తల్లీ, నేనెందుకు చంపుతాను? ఆమెకు నిద్ర పట్టింది, అంతే. మొగుడు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లివ్వబోతూ, నిలబడిన మనిషి నిలబడినట్టే నిద్రలోకి జారిపోయింది.

కొత్తగా మన కథలోకి వచ్చినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. శింగనమల చెరువుకు పైన, బండరాళ్ల మధ్య గుండ్లబయలు అనే ఊరు. చుట్టుపక్కల ఐదు పల్లెలకు కలిపి అక్కడ ఉన్నది ఒకే ఒక ప్రభుత్వ నర్సు, మన నాగలక్ష్మమ్మ. ముందు గది ఆసుపత్రి, వెనక గది ఇల్లు. పుట్టిందీ మెట్టిందీ ధర్మవరం నేతగాళ్ల ఇళ్లలోనే. మొగుడు జయరాముడు సొంత మేనత్త కొడుకు, ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మగ్గానికి నెలకు ఒక్కటే సెలవు, అమావాస్య. ఆ రోజు మగ్గం గుంతలోకి కాలు దించరు, అడ్డపోగు నడిపే నాడె చేతపట్టరు. మగ్గం తుడిచి టెంకాయ కొట్టి ఊరుకుంటారు.

పెళ్లాం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అమావాస్యకు ఆమే ధర్మవరం వెళ్లేది. అలా వెళ్లిన ఒక అమావాస్య నాడు గుండ్లబయలులో బయమ్మ అనే ఆమెకు పురిటిలో బిడ్డ పోయింది. ‘నర్సు మొగుని కాడికి పోయింది, బిడ్డ మట్టిలోకి పోయింది’ అన్నారు జనం. ఆ రోజు నుంచి నాగలక్ష్మమ్మ ఊరు కదల్లేదు. తలుపు తట్టిన ఎవరికీ లేదనలేదు. పదకొండు నెలలు. ఇప్పుడు జయరాముడే అమావాస్య నాడు తొలి బస్సెక్కి అనంతపురంలో మారి, తొమ్మిదికి ఇక్కడ దిగుతాడు. సాయంత్రం ఐదున్నర బస్సుకు వెళ్లిపోతాడు. నెలకు ఎనిమిదిన్నర గంటల కాపురం. అందులోనూ ఇద్దరూ కలిసి కూర్చుని అన్నం తిన్నది రెండే రెండు సార్లు. ఐదున్నరకు ఆమె ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో రోగి దగ్గర ఉంటుంది. బస్సు కూత వినపడగానే ఆమె చేతులు ఆగుతాయి. ఆ చప్పుడు చెరువు కట్ట దాటేదాకా విని, మళ్లీ పనిలో పడుతుంది. ఒక్కసారైనా మొగుణ్ణి బస్సు దాకా సాగనంపింది లేదు.

ఇక నాలుగు రోజుల కిందటి సంగతి. గాజు సిరంజీలు గిన్నెలో వేసి కిరోసిన్ స్టవ్వు మీద మరగబెట్టి, ఆమె గోడకు ఆనుకుంది. కళ్లు తెరిచేసరికి నీళ్లు ఇగిరిపోయి గిన్నె నల్లబడి ఉంది, నాలుగు సిరంజీలూ పగిలి ఉన్నాయి. ఐదు పల్లెలకూ ఉన్నవి అవే. ఆ ముక్కలను గుడ్డలో మూటగట్టి ట్రంకుపెట్టెలో దాచింది. ఎవరికీ చెప్పలేదు.

ఇక ఈ వారం.

జయరాముడు భయపడి ఆమెను పట్టుకున్నాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. సన్నగా గురక వచ్చింది. ఆ గురక విని అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎత్తుకెళ్లి చాప మీద పడుకోబెట్టి, కప్పడానికి దుప్పటి కోసం ట్రంకుపెట్టె తెరిచాడు. దుప్పటి తీసి, పెట్టెలోకి చూస్తూ ఒక నిమిషం నిలబడి, మెల్లగా మూత వేశాడు.

నెలంతా మగ్గం మీద కూర్చుని ఆమెకు చెప్పవలసిన మాటలన్నీ దాచుకుంటాడు జయరాముడు. కొత్త అంచులో వేసిన నెమలి సంగతి, అమ్మ మోకాళ్ల సంగతి, పక్కింటి వాళ్ల కోడి తమ ఇంట్లో గుడ్లు పెడుతున్న సంగతి. బస్సులో ఆ మాటలన్నీ వరసగా మనసులో పెట్టుకుని వచ్చాడు. లేపితే బాగుండును అనిపించింది. ఒక్కసారి కళ్లు తెరిచి ‘బావా’ అంటే చాలుననిపించింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు చూశాడు. లేపలేదు. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి అరుగు మీద కూర్చున్నాడు. గడప దగ్గర ఆమె చెప్పులు, పక్కన అతని చెప్పులు.

జనం రావడం మొదలైంది. ఒకామె తలనొప్పి మాత్రకు. ఒకాయన మనియార్డరు ఫారం నింపించుకోవడానికి. మరొకామె ఊరికే, ‘నర్సమ్మ ఏం చేస్తాందో చూసిపోదామని’. అందరినీ సాయంత్రం రమ్మన్నాడు. ఎండ ముదిరే వేళకు కర్ర పొడుచుకుంటూ కుళ్ళాయప్ప వచ్చాడు. డెబ్బై ఏళ్ల రైతు, ఈ గడపకు రోజూ వచ్చే చుట్టం.

“నర్సమ్మ లేదా అప్పా?”

“ఉండాది తాతా. నిద్రపోతాండాది.”

“పొద్దు నడినెత్తికి ఎక్కుతాంటే నిద్రేంది?”

“నీకేం కావల్ల?”

“మోకాలు నొప్పి. ఆ తెల్ల మాత్రలు రెండిస్తే పోతా.”

“ఎన్నాళ్ల నుంచి నొప్పి?”

కుళ్ళాయప్ప ఆలోచించాడు. “ఒగ ఆరేండ్లు ఉంటాదేమో.”

“ఆరేండ్లు ఓర్సుకొన్నోనివి, సాయంత్రం దాకా ఓర్సుకోలేవా?”

ముసలాయనకు కోపం వచ్చింది. “ఏమప్పా, నర్సమ్మే ఎప్పుడూ ఇట్ల మాట్లాడలే. నువ్వెవరు నన్ను పొమ్మనేకి?”

“పొమ్మనలే తాతా. కూసో. ఒగ మాట అడుగుతా చెప్పు. నీకు ఎద్దులుండాయా?”

“ఉండాయి. గడ్డి లేక ఎముకలు తేలినాయి గాని, ఒగ జత ఉండాయి.”

“సోమవారం కాడి కడతావా?”

“శివశివా!” కుళ్ళాయప్ప చెంపలు వేసుకున్నాడు. “సోమవారం బసవన్న దినం. మా తాత కాలం నుంచి ఆ దినం ఎద్దు మెడ మీద కాడి పెట్టిందే లేదు. ఏడాదికొగ వాన పడి, పదును ఆరిపోతాండినా పెట్టలే.”

“మా మగ్గానికి అమావాస్య. పెండ్లిండ్ల కాలంలో షావుకారు వచ్చి వాకిట్లో కూసున్నా ఆ దినం నాడె పట్టం. కట్టె తాతా అది. దానికి నొప్పి తెల్దు, నిద్ర తెల్దు. దానికీ ఒగ దినం ఇచ్చినాం. మీ ఊర్లో ఈమెకు యా దినం ఇచ్చినారు?”

కుళ్ళాయప్ప గడ్డం గోక్కున్నాడు. దూరంగా బండల మీద ఎండ తెల్లగా కాస్తోంది. “ఆమె గవర్నమెంటు గదప్పా” అన్నాడు చివరికి.

“గవర్నమెంటుకు కాళ్లు నొయ్యవా?”

కుళ్ళాయప్ప కర్రను గడపకు అడ్డంగా పెట్టి, జయరాముడి పక్కనే చేరగిలబడ్డాడు. ఆ తర్వాత ఎవరు వచ్చినా ముసలాయనే “పోండి పోండి, మా నర్సమ్మ నిద్రపోతాండాది” అని కసురుకున్నాడు. ఆ కసురుకు లోపలి మనిషి ఎక్కడ లేస్తుందోనని జయరాముడు హడలిపోయాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఓబుళేసు వచ్చాడు. మైలున్నర దూరంలోని పుల్లన్న కొట్టాల నుంచి పరుగున వచ్చాడేమో, మాట రావడం లేదు. పెళ్లాం అక్కమ్మకు రెండో కాన్పు. తెల్లవారి నుంచి నొప్పులు.

జయరాముడు లేచాడు. ఇది మోకాలు నొప్పి కాదని అతనికి తెలుసు. తలుపు కొంచెం తోశాడు. ఆమె పక్కకు తిరిగి పడుకుని ఉంది. నిద్రలో కూడా వేళ్లు సూది మందు లాగుతున్నట్టు కదులుతున్నాయి. పొద్దున చెంబు నిలవని చేతులవి. అతనికి ట్రంకుపెట్టెలోని గుడ్డమూట గుర్తుకొచ్చింది. తలుపు మళ్లీ వేసి వెనక్కి తిరిగాడు.

“నర్సమ్మ ఊర్లో లేదు నాయనా. అనంతపురంలో మీటింగు ఉంటే పొద్దున్నే పోయింది. నల్లమ్మవ్వ ఇంట్లోనే ఉండాది, బిరీన పిల్చుకపో.”

నల్లమ్మ ఆ ఊరి మంత్రసాని. కుళ్ళాయప్ప నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఓబుళేసు చూపు మాత్రం గడప దగ్గరున్న ఆడమనిషి చెప్పుల మీద ఒక్క క్షణం ఆగింది. మరుక్షణం నల్లమ్మ ఇంటి వైపు పరిగెత్తాడు.

నాగలక్ష్మమ్మ మూడున్నరకు లేచింది. ఏ రోజో, ఏ పూటో తెలియలేదు. గోడ మీద ఎండ పడమటి వైపు నుంచి వాలుతోంది. ఒళ్లంతా తేలికగా ఉంది. చిన్నప్పుడు జ్వరం తగ్గిన మర్నాడు అలా ఉండేది.

“ఎన్ని దినాలు నిద్రపోయినాను బావా?”

“ఒగ పూటే. మొగం కడుక్కొని రా, అమ్మ ఓళిగలు పంపించింది.”

ఆ గంట గురించి నేను ఎక్కువ రాయను. వాళ్లది వాళ్లకే ఉండాలి. పూర్ణం నిండిన ఓళిగలు తిన్నారు. నెమలి అంచు సంగతి, కోడిగుడ్ల సంగతి చెప్పుకున్నారు. ఆమె పకపకా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినపడి ఆగిపోయింది. అతని భుజానికి తల ఆనించి, “ఇట్ల ఒగ దినం గడిస్తే చాలని ఎన్నిసార్లు అనుకొన్నానో తెల్సా?” అంది. “సూది పట్టుకొంటే ఒక్కోతూరి ఈ చెయ్యి నాది గాదనిపిస్తాంది బావా. ఎవరితో చెప్పుకోవల్లో తెల్డం లేదు. నువ్వొచ్చినప్పుడు చెప్పుకోవల్లనుకొంటా, నువ్వొచ్చిన దినం నీతో మాట్లాడేకే ఉండదు.”

కథ ఇక్కడే ఆపేస్తే ఎంత బాగుండేది! కానీ జయరాముడు అబద్ధాన్ని మింగి బస్సెక్కగల మనిషి కాడు.

“లచ్చిమీ, ఒగ మాట చెప్పల్ల.” అతను చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. “మధ్యాన్నం ఓబుళేసు వచ్చినాడు. అక్కమ్మకు నొప్పులంట. నువ్వు ఊర్లో లేవని చెప్పినాను. నల్లమ్మవ్వను పిల్చుకపోయినాడు.”

“ఏమంటివీ?”

“ఊర్లో లేవంటిని.”

“నన్ను లేపలేదా?”

“లేపలేదు.”

“పోయినతూరి నేను లేకుంటే బయమ్మ బిడ్డ పాయె. ఈతూరి నేను ఉండి గూడా లేకుండా చేస్తివా?” ఆమె లేచి నిలబడింది. గొంతు వీధిలోకి వినపడుతోంది. “ఇంత దూరం బస్సెక్కి వచ్చేది ఇందుకేనా? నా పేరు చెప్పి అబద్ధమాడేకి నీకు ఎవరిచ్చినారు పెత్తనం?”

“ఎవరూ ఇయ్యలే. నేనే తీసుకొన్నా.” అతను కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. “నిన్ను లేపితే ఏం పట్టుకొని పోతావు? దుప్పటి కోసరం పెట్టె తీసినాను లచ్చిమీ. సిరంజీలు చూసినాను.”

నాలుగు రోజులుగా దాచిన గుట్టు నట్టింట్లో బయటపడింది.

“మా మగ్గం మీద ఒగ మాటుండాది” అన్నాడు జయరాముడు. “కండ్లు అలిసినాక వేసిన పోగు తెల్లారి ఇప్పాల్సిందే అని. మాది పట్టు, ఇప్పుకొంటాం. నీ పని ఇప్పుకొనేది గాదు.”

“నాకు చేతులుండాయి గదా! సిరంజీ లేకుంటే చేతులతో చేస్తా!”

“ఏదీ, చూపించు.”

ఆమె కోపంగా రెండు చేతులూ చాచింది. ఇద్దరూ వాటినే చూశారు. వేళ్లు కదలడం లేదు. నెలల తరబడి వణుకుతున్న చేతులు నిలకడగా ఉన్నాయి. అతను నిజం చెబుతున్నాడని ఆ చేతులే ఒప్పుకున్నాయి. దానికి ఆమెకు ఇంకా కోపం వచ్చింది. సంచి తీసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా కొట్టాల దారి పట్టింది. “లచ్చిమీ, ఉండు!” అంటూ అతనూ వట్టి కాళ్లతోనే వెనక పరిగెత్తాడు. బస్సుకు ఇంకా గంట కూడా లేదు.

ఎర్రమట్టి కాళ్లను కాలుస్తోంది. ఆమె మనసులో బయమ్మ బిడ్డ ముఖం తప్ప మరొకటి లేదు. వాగు దాటేచోట ఎదురుగా ఒక ముసలామె తాపీగా నడిచి వస్తూ కనపడింది. నల్లమ్మ. చంకలో చేట, చేటలో వక్కాకు, బియ్యం.

“అవ్వా!” నాగలక్ష్మమ్మ ఎదురు పరిగెత్తింది. “అక్కమ్మ...”

“ఆడపిల్ల. పుట్టడమే గొంతు చించుకొని ఏడ్సింది. తల్లి గంజి తాగి పండుకొంది.” నల్లమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. “అది సరే గాని, నువ్వు అనంతపురం పోయినావంట గదా పాపా? రెక్కలు కట్టుకొని వచ్చినావా?”

“నేనే అబద్ధం చెప్పినానవ్వా” అన్నాడు జయరాముడు తలవంచుకుని. “ఆమె నిద్రపోతాండె.”

నల్లమ్మ మిగిలిన నాలుగు పళ్లతో నవ్వింది. “ఆడది నిద్రపోయిందని చెప్పుకోను ఇంత సిగ్గా? దానికి అనంతపురం దాకా పోవల్లా?”

నాగలక్ష్మమ్మ వాగు ఒడ్డున బండ మీద కూలబడింది. “నవ్వొద్దవ్వా. ఇది గూడా బయమ్మ బిడ్డ లెక్కన అయ్యింటే? నేను ఎట్ల బతికుందును?”

నల్లమ్మ నవ్వు ఆగిపోయింది. చేట కింద పెట్టి ఆమె పక్కన కూర్చుంది. ఏదో చెప్పబోయి, జయరాముణ్ణి చూసి తటపటాయించి, చివరికి చెప్పేసింది.

“ఆ బిడ్డ నువ్వు బస్సెక్కకముందే పోయుండాది పాపా.”

“ఏమంటివీ?”

“రెండు దినాల నుంచి కదల్డం లేదని బయమ్మ నాతో చెప్పింది. నేను కడుపు మీద చెయ్యి పెట్టి చూసినా. రాయి మాదిరి ఉండె. నువ్వున్నా అంతే, పెద్ద డాక్టరున్నా అంతే.”

“పదకొండు నెలలాయె గదవ్వా! నాకెందుకు చెప్పలేదు?”

“బయమ్మ అత్త సంగతి నీకు తెల్దా? కడుపులోనే పోయిందంటే కోడలు ఏం తినిందో, యాడ తిరిగిందో అని దాన్ని ఇంట్లోంచి తరిమేసుండేది. నర్సు లేక పోయిందంటే ఊరు నిన్ను నాలుగు దినాలు తిట్టి మర్సిపోతాదిలే అనుకొంటి. ఊరు మర్సిపోయింది. నువ్వు మర్సిపోలా.” నల్లమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. “తప్పు చేసినా పాపా. నువ్వు ఇట్ల ఎండిపోతాంటే చూస్తా గూడా నోరు తెరవలేదు.”

నాగలక్ష్మమ్మ ఏడ్చింది. ముసలిదాని మీద కోపంతో ఏడ్చింది. బయమ్మ వెళ్లగొట్టబడకుండా ఉన్నందుకు ఏడ్చింది. ఈ పదకొండు నెలల్లో తట్టిన ప్రతి తలుపు చప్పుడుకూ తాను ఎందుకు ఉలిక్కిపడి లేచిందో, ఎన్ని అమావాస్యలు చేజార్చుకుందో తలుచుకుని ఏడ్చింది. జయరాముడు కొంచెం దూరంలో నిలబడ్డాడు. దగ్గరికి రావాలనీ ఉంది, ఈ ఏడుపు పూర్తి కావాలనీ ఉంది.

“ఇంగో మాట” అంది నల్లమ్మ, ఏడుపు తగ్గాక. “పురుడు పోసినాక నేను ఇంటికి పోయి తలకు పోసుకొని, ఒగ నిద్ర తీసేదాకా ఇంగో గడప తొక్కను. కొత్తలో నా తలుపూ తట్టినారు. ఒగ దినం చీపురు తీసుకొని వీధిలోకి వచ్చి అరిసినా. ఒకతూరి అరిసినా, నలభై ఏండ్లు నిద్రపోయినా. నీ మొగుడు నీ తరపున ఒగ దినం అరుగు మీద కూసుంటాడు. మిగతా దినాలు ఎవరు కూసుంటారు? ఆ మాట నీ నోట్లోంచి రావల్ల.”

“ప్రాణం మీదికి వచ్చినోళ్లుంటే?”

“ప్రాణం మీదికొచ్చినోడు తట్టే తీరు వేరే. అది నిద్రలోనే తెలుస్తాది, లేసి తీస్తాం. కుళ్ళాయప్ప మోకాలికి ఎందుకు తీయల్ల?” నల్లమ్మ చేట ఎత్తుకుంది. “పోతా. తలకు పోసుకోవల్ల.” వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

వాళ్లిద్దరూ తిరిగి వచ్చేటప్పుడు ఆమె అతని చెయ్యి పట్టుకుంది. పట్టపగలు, నలుగురూ తిరిగే దారిలో. ఊరు దగ్గరపడినా వదల్లేదు. బస్సుకు ఇంకో పావుగంట ఉంది. ఈసారి మొగుణ్ణి బస్సు దాకా సాగనంపాలి అనుకుంది. చిన్న కోరికే. కానీ పదకొండు నెలలుగా ఆమె కోరుకున్నవాటిలో దానికంటే పెద్దది లేదు.

ఇంటి ముందు జీపు నిలబడి ఉంది.

ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు అరుగు మీద కూర్చున్నారు. కోస్తా వైపు మనిషి, చిన్న వయసు, నవ్వరు. పక్కన ఓబుళేసు తల దించుకుని ఉన్నాడు. నల్లమ్మను తన ఇంట్లో దింపి, అయినా భయం తీరక, అతను ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని తొక్కుకుంటూ డాక్టరు దగ్గరికి పోయాడు. వాళ్లు జీపులో రోడ్డు చుట్టి కొట్టాలకు వచ్చేసరికి బిడ్డ పుట్టి, నల్లమ్మ కూడా వెళ్లిపోయింది. డాక్టరు తిరిగి పోకుండా ఇక్కడికి వచ్చారు. ఆయన చూపు గడప దగ్గరున్న రెండు జతల చెప్పుల మీద ఉంది.

“ఏమ్మా, అనంతపురంలో ఇవాళ మీటింగు ఉందట. నాకు తెలియకుండా ఏ మీటింగది?”

చుట్టూ పదిమంది చేరారు. కుళ్ళాయప్ప కర్ర ఊపుకుంటూ ముందుకొచ్చాడు. “సార్, నర్సమ్మకు జరం సార్. ఒళ్లు కాలిపోతాంటే...”

“తాతా, నువ్వు ఊరుకో” అంది నాగలక్ష్మమ్మ.

ఊరు దాటి పోయానంటే సెలవు పెట్టకుండా పోయినట్టు. ఉన్నానంటే ఉండి కూడా కాన్పుకు పోనట్టు. రెండింటికీ ఉద్యోగం మీదికే వస్తుంది. ఆమె జయరాముడి వైపు చూడలేదు. చూస్తే తప్పు తన మీద వేసుకుంటాడని తెలుసు.

“ఈడనే ఉన్నాను సార్. ఈ ఇంట్లోనే. నిద్రపోయినాను.”

“నిద్రా?”

“అవును సార్. పదకొండు నెలల్లో ఇదే మొదటితూరి.” ఆమె చుట్టూ చేరిన జనం వైపు తిరిగింది. “ఇంగ నుంచి అమావాస్య నాడు ఈ తలుపు తీయను. మాత్రలకు, ఫారాలకు తట్టొద్దు. ప్రాణం మీదికొస్తే తట్టండి, లేసి వస్తా. అబద్ధం చెప్పిచ్చుకోను, ఎవరి చేతా. సార్, రాసిమ్మంటే రాసిస్తాను.”

కుళ్ళాయప్ప మెల్లగా, “మా ఎద్దులకు సోమవారం ఉండాది సార్” అన్నాడు. డాక్టరుకు ఆ మాట అర్థం కాలేదు. ఊళ్లోవాళ్లకు అర్థమైంది. ఒకరిద్దరు తల దించుకున్నారు.

“అదంతా తర్వాత మాట్లాడదాం” అన్నారు డాక్టరు లేస్తూ. “రేపు టీకాల క్యాంపు. మీ సిరంజీల డబ్బా తీసుకురండి, చూసి పోతాను.”

అప్పుడే చెరువు కట్ట మీద నుంచి బస్సు కూత వినిపించింది. ఐదున్నర బస్సు. అది ఈ వీధి చివర నిలిచేది రెండు నిమిషాలే. జయరాముడు అరుగు మీది సంచి భుజాన వేసుకుని, చెప్పుల కోసం వంగాడు. రేపు తెల్లవారితే మగ్గం మీద ఉండాలి. నాగలక్ష్మమ్మ అతణ్ణి చూసింది, డాక్టరును చూసింది. సాగనంపాలనుకుంది. కానీ లోపలికే వెళ్లింది.

పెట్టె మూత తీసింది. బట్టల కింద నుంచి గుడ్డమూట తీస్తుంటే లోపల గాజు ముక్కలు గలగలమన్నాయి. బయట కండక్టరు “ఎవరప్పా అనంతపురం, రండి రండి” అని కేక వేశాడు. ఆమె చేతులు ఆగిపోయాయి, ప్రతి అమావాస్యకూ ఆగినట్టే. ఇంజను పెద్దగా గర్జించి కదిలింది. చప్పుడు వీధి దాటింది, మలుపు తిరిగింది, కట్ట ఎక్కింది. చివరిదాకా విన్నది. ఇంక వినపడనప్పుడు మూటను గుండెకు పట్టుకుని, డాక్టరుకు చెప్పవలసిన మొదటి మాట వెతుక్కుంటూ గడప దగ్గరికి వచ్చింది.

సంచి మళ్లీ అరుగు మీదికి చేరింది. గడప అవతల రెండు జతల చెప్పులూ అలాగే ఉన్నాయి.